నింద బ్యాటరీ మీద, లోపం మరొక చోట



ఈ నెల మా మాట కొంచెం గ్రీజు వాసన వేస్తుంది. మన సంఘములలో చాలా వాటికి ఒక పాత జీపో, వ్యానో ఉంటుంది. సువార్త కూడికలకు, పెండ్లిండ్లకు, అర్ధరాత్రి ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రికి అదే ఆధారం. విశ్వాసుల ఇండ్లలోనూ పాత కార్లు, ట్రాక్టర్లు ఉన్నాయి. అటువంటి ఒక బండి వలన మేము నేర్చుకొన్న పాఠం మీకూ పనికి వస్తుందని వ్రాస్తున్నాము.

2016 డిసెంబరు నెల మొదట్లో మా సంఘపు జీపు మొరాయించింది. ఉదయాన తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు టక్కుమని ఊరుకొనేది. నలుగురు తోస్తేగాని ఇంజను అందుకొనేది కాదు. బ్యాటరీ అయిపోయిందని పెద్దలమందరం తీర్మానించి, కానుకల సొమ్ములోనుండి తీసి కొత్తది కొన్నాము. వారం రోజులు బాగానే నడిచింది. ఆ తరువాత మళ్లీ అదే టక్కు.

అప్పుడు మాటలు మొదలయ్యాయి. దుకాణదారుడు పాత బ్యాటరీనే తుడిచి అంటగట్టాడని కొందరు అన్నారు. బండి నడిపే తమ్ముడు రాత్రిపూట లైట్లు ఆపకుండా వదిలేస్తున్నాడని మరికొందరు అన్నారు. ఆ తమ్ముడు ఒక్క రూపాయి జీతం లేకుండా, సేవగా నడిపేవాడు. కమిటీ కూడికలో అతన్ని నిలబెట్టి అడిగాము. “రోజూ ఆపే దిగుతున్నానండి” అని ఒక్క మాట అని తల వంచుకొన్నాడు. మేము నమ్మలేదు. ఆ సంగతి వ్రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ వారములోనే క్యారల్స్ ముగించుకొని పొరుగూరి నుండి వస్తున్నాము. బండిలో తల్లులు, పిల్లలు ఉన్నారు. కాలువ గట్టు ఎక్కేసరికి హెడ్‌లైట్ల తెల్లని వెలుగు పసుపు రంగుకు తిరిగింది. ఇంకొంత దూరం వెళ్లేసరికి ఎర్రబడి ఆరిపోయింది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. పాత డీజిల్ ఇంజను ఒకసారి అందుకొంటే కరెంటు లేకపోయినా తిరుగుతుంది. అదే పెట్రోలు బండి అయితే స్పార్కు లేక ఆగిపోయేది. ఒక ప్రక్క కాలువ, ఎదుట చీకటి. ఆ తమ్ముడే బండి నిలిపి, అందరినీ దింపి, ఒకరి చేత టార్చి పట్టించి ముందు నడిపిస్తూ, వెనుక నెమ్మదిగా బండి తెచ్చాడు. దేవుని కృప వలన ఎవరికీ ఏమీ కాలేదు.

మరునాడు పట్నములోని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసికొని వెళ్లాము. ఆయన బ్యాటరీని చూడకముందే ఒక ప్రశ్న అడిగాడు. “తాళం తిప్పినప్పుడు ఎర్రలైటు ఎప్పటినుంచి వెలగడం లేదు?” మాలో ఎవరికీ తెలియదు. ఎర్రలైటు కనబడనంత కాలం అంతా క్షేమమే అనుకొన్నాము.

ఆయన చెప్పినది తేట మాటలలో ఇది. బ్యాటరీ కరెంటును పుట్టించదు, దాచి ఉంచుతుంది. పుట్టించేది ఆల్టర్నేటరు. పాతకాలపు డ్రైవర్లు అలవాటు కొద్దీ దీనిని ఇప్పటికీ డైనమో అనే అంటారు. ఇంజను తిరిగితే బెల్టు ద్వారా ఇది తిరుగుతుంది. లోపల తిరిగే చుట్టకు రెండు కార్బన్ బ్రష్షులు కొద్దిపాటి కరెంటు అందిస్తే అది అయస్కాంతమై, చుట్టూ ఉన్న తీగచుట్టలలో కరెంటు పుట్టిస్తుంది. డయోడ్లు దానిని బ్యాటరీకి పనికివచ్చే డి.సి.గా మారుస్తాయి. రెగ్యులేటరు హద్దు మీరకుండా కాస్తుంది. ఇందులో ఏది చెడినా బ్యాటరీలోని నిల్వ ఖర్చయిపోతుంది, తిరిగి నిండదు. మా జీపులో కార్బన్లు అరిగి గోరంత మిగిలాయి. ఒకప్పుడు తగిలేవి, ఒకప్పుడు తగిలేవి కావు. ఎర్రలైటుకు వెళ్లే కరెంటు కూడా వాటిగుండానే పోవాలి గనుక ఆ లైటు కూడా వెలగలేదు.

ఇక మీ ఇంటి దగ్గర మీరే చూచుకోదగిన పరీక్షలు చెబుతాము.

మొదటిది, ఎర్రలైటు. తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకముందు డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు గల లైటు వెలగాలి. ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. ఆరకపోతే చార్జింగు లేదని అర్థం. మసకగా వెలుగుతూ ఉంటే డయోడును అనుమానించాలి. మొదట అసలు వెలగనే వెలగకపోతే బల్బు గాని, కార్బన్లు గాని, మధ్య వైరు గాని చెడినట్టు.

రెండవది, బెల్టు. ఇంజను ఆపి, తాళం తీసి, రెండు పుల్లీల నడుమ బొటనవ్రేలితో గట్టిగా నొక్కి చూడండి. సుమారు ఒక సెంటీమీటరు దిగితే చాలు. బాగా దిగితే వదులైనట్టు. లోపలి ప్రక్క అద్దంలా మెరిసినా, పగుళ్లు ఉన్నా, లైట్లు వేసినప్పుడు కీచుమన్నా బెల్టు జారుతోందని తెలిసికోవాలి. బెల్టు బిగిస్తే పోయేదానికి ఆల్టర్నేటరు మార్చవలసిన పని లేదు.

మూడవది, బ్యాటరీ మొనలు. తెల్లని, పచ్చని బూజువంటిది పట్టి ఉంటే కరెంటు సరిగా పారదు. ముందు నెగటివు వైరు, తరువాత పాజిటివు వైరు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరిన తరువాత బిగించండి. బిగించేటప్పుడు నెగటివు చివర రావాలి. ఇంజనుకు, ఛాసిస్‌కు ఉన్న ఎర్త్ పట్టీని కూడా చూడండి.

నాల్గవది, మీటరు. చిన్న మల్టీమీటరు ఇప్పుడు ఎలక్ట్రికల్ దుకాణాలలో దొరుకుతుంది. సంఘానికి ఒకటి ఉంటే మంచిది. రాత్రంతా నిలిపిన బండికి ఉదయాన బ్యాటరీ మొనల మీద పెడితే 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. ఇప్పుడు ఇంజను స్టార్టు చేసి, యాక్సిలరేటరు కొంచెం తొక్కి పట్టుకోమనండి. 13.8 నుండి 14.5 వరకు రావాలి. హెడ్‌లైట్లు వేసినా 13కు పైననే నిలవాలి. మా జీపుకు ఇంజను నడుస్తున్నా 11.9 నుండి కదలలేదు. 15 దాటినా ప్రమాదమే. రెగ్యులేటరు చెడి బ్యాటరీ నీరు మరిగిపోతుంది, బల్బులు మాడిపోతాయి. ఆల్టర్నేటరు మొన మీద 14 ఉండి బ్యాటరీ దగ్గర 12 మాత్రమే ఉంటే లోపం నడుమనున్న వైరుది. ఈ లెక్కలు 12 వోల్టుల పాత బండ్లకు. 24 వోల్టుల లారీలకు రెట్టింపు చేసుకోవాలి. కొత్త కార్లలో కంప్యూటరు చార్జింగును తగ్గించి పెంచుతుంది గనుక అక్కడ ఈ కొలత సరిపోకపోవచ్చు.

ఐదవది, చేయి, చెవి. రాత్రంతా ఆగి ఉన్న బండికి ఉదయాన ఆల్టర్నేటరు గోరువెచ్చగా తగిలితే, చెడిన డయోడు గుండా బ్యాటరీ కరెంటు రాత్రంతా కారిపోతోందని అనుమానించాలి. ఇంజను నడిచేటప్పుడు ఆ వైపున గరగర శబ్దం వస్తే బేరింగు అరిగినట్టు.

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి “ఇంజను ఆగలేదు గనుక చార్జింగు ఉంది” అని తేల్చేవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అలా చేయనివ్వకండి. ఒక్కసారిగా వోల్టేజి లేచి డయోడ్లు, రెగ్యులేటరు కాలిపోవచ్చు. పైగా డీజిల్ ఇంజను ఎటూ ఆగదు గనుక ఆ పరీక్షకు అర్థమే లేదు. బ్యాటరీ నుండి మండే వాయువు వస్తుంది గనుక దాని దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు. కండువా, పైట బెల్టుకు తగలకుండా చూచుకోండి. లోపం బాగు చేసిన తరువాత పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని దుకాణంలో చార్జి చేయించి పెట్టండి. ఆ బరువంతా ఆల్టర్నేటరు మీద వేస్తే అది వేడెక్కి చెడుతుంది.

మా జీపుకు కార్బన్లు మార్చి, బ్యాటరీ చార్జి చేయించగానే ఎర్రలైటు వెలిగింది, ఇంజను అందుకోగానే ఆరింది. మీటరు 14.2 చూపింది. మేము కొన్న బ్యాటరీ మంచిదే. దుకాణదారుడు మోసగాడు కాడు. ఆ తమ్ముడు అబద్ధికుడు కాడు. పాత బ్యాటరీ కూడా బహుశా మంచిదే. దానిని మారుబేరానికి ఇచ్చివేశాము గనుక ఇక పరీక్షించే వీలు లేదు.

ఆ ఆదివారం ఆరాధన అయిన తరువాత, కమిటీలో ఎందరి ఎదుట నిలబెట్టామో వారందరి ఎదుటనే ఆ తమ్ముణ్ణి క్షమాపణ అడిగాము. “పోనివ్వండి అయ్యగారూ, పిల్లలు క్షేమంగా ఇల్లు చేరారు కదా” అన్నాడు. నింద మోపడానికి మాకు ఒక్క సాయంత్రం పట్టింది. పరీక్షించడానికి పది నిమిషాలు చాలేవి.

ప్రియులారా, ఇండ్లలో కూడా ఇదే జరుగుతున్నది. భార్య ఈమధ్య విసుక్కొంటున్నదని, కుమారుడు ప్రార్థనకు కూర్చోవడం లేదని, దైవసేవకుని ప్రసంగములో పూర్వపు బలము లేదని అంటాము. వెలుగు తగ్గినది మాత్రమే చూస్తాము. ఆమెకు విశ్రాంతి ఎక్కడ దొరుకుతున్నది? ఆ బిడ్డతో ఎవరు కూర్చొని మాట్లాడుతున్నారు? సేవకుడు వాక్యము ధ్యానించుకొనే తీరిక మనము ఉంచామా? వారిని నింపవలసినది ఎక్కడో తెగి ఉండవచ్చు. దానిని తెగనిచ్చినది మనమే కావచ్చు. బుద్ధిగల కన్యకలు నూనె సంగతి చీకటి పడకముందే చూచుకొన్నారు. మనము కూడా ఈ వారము బండి దగ్గరా, ఇంటిలోనూ ఆ పని చేద్దాము.

ప్రభువు మీ ప్రయాణములను కాపాడును గాక.