సాక్లే ర్యాంకు చాటున సుపెలెక్

ప్రపంచ విశ్వవిద్యాలయాల షాంఘై ర్యాంకుల జాబితాలో ప్యారిస్-సాక్లే విశ్వవిద్యాలయం పైకి వచ్చిన ప్రతిసారీ ఫ్రాన్సులోని సుపెలెక్ ఇంజినీరింగ్ కళాశాల కథను రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు: 2015లో ఎకోల్ సెంట్రల్ ప్యారిస్‌తో కలిసింది, ఆపైన సాక్లేలో ఒక విభాగమైంది. మొదటిది అసలు సంగతిని మరుగుపరుస్తుంది. రెండోది తప్పు.

1894లో ఈ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విద్యాలయాన్ని పెట్టింది ప్రభుత్వం కాదు, విద్యుత్ నిపుణుల అంతర్జాతీయ సంఘం. డైనమోలు, ట్రామ్‌లు వచ్చిపడుతున్న కాలంలో తనకు కావలసిన ఇంజినీర్లను పరిశ్రమ తానే తయారుచేసుకోవాలనుకుంది. 1829లో ప్రైవేటుగా పుట్టిన ఎకోల్ సెంట్రల్ 1857కే ప్రభుత్వపరమైంది. సుపెలెక్ మాత్రం, ప్రవేశ పరీక్షను సెంట్రల్‌తో ఉమ్మడిగా నడుపుకుంటూ కూడా, ప్రైవేటు హోదాను 2014 చివరిదాకా వదులుకోలేదు. కాబట్టి ఆ డిసెంబరు 30 నాటి డిక్రీ రెండు కళాశాలలను సెంట్రల్‌సుపెలెక్‌గా కలపడంతో ఆగలేదు. పరిశ్రమ కట్టుకున్న విద్యాలయాన్ని రాజ్యం చేతికిచ్చింది. నా దృష్టిలో ఆ మార్పు ముందు ఏ ర్యాంకూ లెక్కలోది కాదు.

ఇక సాక్లే. 2018 డిసెంబరు 12 నాటి ఆర్డినెన్సు ఫ్రాన్సులో కొత్త తరహా విశ్వవిద్యాలయాలకు దారి తీసింది. వాటిలో చేరిన సంస్థలు తమ చట్టబద్ధ అస్తిత్వాన్ని నిలుపుకోవచ్చు. 2019 నవంబరు డిక్రీతో ఏర్పడిన సాక్లేలో సెంట్రల్‌సుపెలెక్ అలాగే చేరింది: సొంత పాలకమండలి, సొంత బడ్జెట్, సొంత డైరెక్టరు. మన విశ్వవిద్యాలయాల్లోని విభాగాధిపతికి ఇవేవీ ఉండవు.

ఈ స్వతంత్రతకు ఆర్డినెన్సుకంటే పాత రక్ష ఇంకొకటుంది. 1934 జులై 10 చట్టం పట్టా పొందిన ఇంజినీరు అనే బిరుదుకు రక్షణ ఇచ్చింది, పట్టాలిచ్చే హక్కును పరిశీలించే కమిషన్‌ను నెలకొల్పింది. ఆ బిరుదు వాడుకునేవారు దాని వెంటనే తాము పొందిన పట్టా పేరు చెప్పి తీరాలి. ఫ్రెంచి యజమాని మొదట చూసేది ఆ పేరునే.

ఇది హైదరాబాదుకు పట్టని విషయం కాదు. 2014లో బహదూర్‌పల్లిలో మహీంద్రా ఎకోల్ సెంట్రల్ మొదలైనప్పుడు ఫ్రెంచి భాగస్వామి ఎకోల్ సెంట్రల్ ప్యారిస్. ఏడాది తిరగకుండానే ఆ భాగస్వామి సెంట్రల్‌సుపెలెక్‌లో కలిసిపోయింది. అక్కడి చట్టాలు మారితే ఇక్కడి పిల్లల ఒప్పందపత్రాల మీద పేర్లు మారతాయి.

ర్యాంకు కోసం మిగిలిన ఈ స్వతంత్రతనూ వదిలేయాలన్న వాదన అక్కడా ఉంది, ఇక్కడి వ్యాసాలూ దాన్నే వల్లిస్తున్నాయి. షాంఘై లెక్కలో సెంట్రల్‌సుపెలెక్ పరిశోధన ఇప్పటికే సాక్లే ఖాతాలో పడుతోంది. ఆ స్వతంత్రతను రద్దు చేస్తే అదనంగా వచ్చేదేమీ లేదు. పోయేది మాత్రం ఎవరిని నియమించాలో, ఏ కోర్సు ఎప్పుడు మార్చాలో తానే నిర్ణయించుకునే అధికారం. పరిశ్రమ ఆ విద్యాలయాన్ని పెట్టుకున్నదే ఆ అధికారం కోసం.