చూపించేవారు కావాలి

యాత్రకు కాలు కావాలి, కన్ను కావాలి. ఈ రెండూ ఉంటే చాలునని నేను చాలాకాలం నమ్మాను. దారి పొడవునా పక్కన నిలిచి ‘ఇది ఫలానా, అది ఫలానా’ అని చెప్పే మూడో మనిషి యాత్రికునికి అడ్డమే గాని సాయం కాదని తరగతిలో కూడా అనేవాణ్ణి. ఒక్క రోజులో కారెక్కి నాలుగు ఊళ్ళు చుట్టివచ్చే విహారాన్ని యాత్ర అనడానికే నా మనస్సు ఒప్పేది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుండి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరుకున్నారు. పదిహేను నెలలకు పైబడి సాగిన ఆ కాశీయాత్రా చరిత్రను చదివినవానికి, ఉదయం ఎనిమిదింటికి మొదలై రాత్రి ఎనిమిదింటికి ముగిసే ప్రయాణం పిల్లలాటగా తోచడంలో వింత లేదు. అయితే ఆ అభిప్రాయాన్ని నేను మార్చుకోవలసి వచ్చింది. మార్చినవారు పండితులు కారు. విస్సన్నపేటలో మా వీధిలోనే ఉండే ఒక మామిడి రైతు.

ఆయన కుమారుడు ఐరోపాలో ఉద్యోగం చేస్తున్నాడు. తల్లిదండ్రులను పిలిపించుకొని, సెలవు దినాలలో పోర్చుగల్ దేశానికి తీసుకొనిపోయాడు. అక్కడ ఒక రోజుకు కారును, దానితోపాటు దారి చూపే యువకుణ్ణి మాట్లాడాడు. బస్సునిండా జనాన్ని ఎక్కించి మైకులో వల్లించే పద్ధతి కాదిది. ఆ రోజంతా కారు ఒక్క కుటుంబానిదే. నడిపేవాడే చెప్పేవాడు. అతడు ఇంగ్లీషులో చెబుతూంటే కుమారుడు తెలుగు చేసేవాడు. ఉదయం లిస్బన్ నగరం, మధ్యాహ్నం సింత్రా కొండల మీది రాజభవనాలు, సాయంత్రం ఐరోపా ప్రధాన భూభాగానికి పడమటి కొస అయిన కాబో ద రోకా, తిరుగుదారిలో కాష్కాయిష్ సముద్రతీరం. ఇదీ వారి యాత్ర.

తిరిగి వచ్చాక నేను కొంచెం ఎకసెక్కంగానే, “ఒక్క రోజులో ఏం చూశారండీ?” అన్నాను.

“మాస్టారూ, చూసిందాంట్లో సగం కూడా గుర్తులేదండీ. ఆ అబ్బాయి చెప్పింది మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు” అన్నారాయన.

ఆ మాటకు నేను ఆగిపోయాను. ఆయన వరుసగా చెప్పుకొచ్చారు. లిస్బన్‌లో జెరోనిమోస్ మఠమనే మహాకట్టడం ఉంది. పదహారో శతాబ్ది ఆరంభంలో దాని నిర్మాణం మొదలయింది. ఆఫ్రికా నుండి, తూర్పు దేశాల నుండి వచ్చే సరుకుల మీద వేసిన నూటికి ఐదు వంతుల సుంకం దానికి ఖర్చయింది. ఆ సరుకులలో ప్రధానమైనది మిరియం. “ఆ గుడికి మన మిరియాల డబ్బు పెట్టారటండీ!” అని చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించింది గర్వమో, కోపమో నాకు తెలియలేదు. 1498లో కోళికోడు తీరానికి చేరిన వాస్కో ద గామా సమాధి ఆ మఠంలోనే ఉంది. నగరం నడుమ పైకప్పు లేని చర్చి ఒకటి ఉంది. 1755 నవంబరు 1వ తేదీన భూకంపం వచ్చి, వెంటనే సముద్రం పొంగి లిస్బన్ నాశనమయినప్పుడు కూలిన కట్టడమది. గోడలను, కమానులను నిలిపి, కప్పు మాత్రం వేయకుండా అలాగే ఉంచారు. ఒక పండ్ల దుకాణంలో మామిడిపండ్ల గంపకు ‘మాంగ’ అని రాసిన చీటీ కనిపించిందట. అది తమ మాట కాదనీ, తమ నావికులు మలయాళ తీరం నుండి మోసుకొచ్చినదనీ ఆ యువకుడే చెప్పాడట. నలభై ఏళ్ళుగా మామిడితోటల మధ్య బ్రతికిన మనిషికి ఆ చీటీ ఎంత దగ్గరిదయి ఉంటుందో నేను ఊహించగలను.

గైడు లేకుండా ఆయన వెళ్ళి ఉంటే మఠం పెద్ద రాతి కట్టడంగా, చర్చి పాడుబడిన గోడగా, మామిడిపండు ఖరీదైన మామిడిపండుగా మిగిలిపోయేవి. కన్ను రూపాన్ని చూస్తుంది. కారణాన్ని చూడలేదు. కారణం చెప్పడానికి నోరు కావాలి. ఇక ఆ నోరు ఒక్క కుటుంబానికే కేటాయించినదయితే మరొక లాభముంది. ‘ఆగవయ్యా’ అనవచ్చు, ‘ఎందుకు?’ అని అడగవచ్చు. నలభైమంది ఉన్న బస్సులో ఒకరి సందేహం ముప్ఫైతొమ్మిదిమందికి ఆలస్యం. కారులో అదే సందేహం సంభాషణ అవుతుంది. ఖర్చు ఎక్కువన్నది నిజమే. ఆ ఖర్చులో కారుకు ఎంత, మాటకు ఎంత అని లెక్క వేస్తే, మాటకు ఇచ్చినదే సద్వినియోగమయిందని నా నమ్మకం.

ఇది కొత్తగా పుట్టిన వేడుకేమీ కాదు. 1520 ప్రాంతంలో దొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరాన్ని దర్శించాడు. క్రిస్తోవావ్ ద ఫిగైరెదో నాయకత్వంలో వచ్చిన బృందంలో అతడొకడు. రాజభవనాన్ని చూడాలని ఉందని వారు విన్నవించగా శ్రీకృష్ణదేవరాయలు అనుమతించాడు. నగరపాలకుడు, మంత్రి సాళువ తిమ్మరుసు సోదరుడు, స్వయంగా వెంట ఉండి చూపించాడు. ద్వారం దగ్గర వారిని లెక్కపెట్టి, ఒక్కొక్కరినే లోపలికి విడిచారట. అంతఃపురం తప్ప తక్కిన గదులు కొన్ని చూడనిచ్చారు. నిలువెల్లా దంతంతో పొదిగి, పైన గులాబీలు, తామరలు చెక్కిన గదిని చూసి పాయెస్ అబ్బురపడ్డాడు. అంతకంటె నన్ను ఆకర్షించిన విషయం మరొకటుంది. అక్కడ ఒకచోట నానాదేశాల ప్రజల జీవనవిధానాలను చిత్రించారట. ఆ బొమ్మలలో పోర్చుగీసువారు కూడా ఉన్నారట. గడప దాటని రాణులు ఏ దేశంవారు ఎలా బ్రతుకుతారో తెలుసుకోవడానికే ఆ ఏర్పాటని పాయెస్ రాశాడు. రాబర్టు సూయెల్ 1900లో ప్రకటించిన ఇంగ్లీషు అనువాదం వలన ఆ రచన మనకు అందింది. చూపించినవాడొకడు ఉండబట్టే పాయెస్ చూశాడు, రాశాడు. నేడు హంపీలో పునాదులే మిగిలిన చోట ఒక దంతపుగది ఉండేదని మనం చెప్పుకోగలుగుతున్నాం.

అలాగని చూపించేవాని మాట వేదవాక్కు కాదు. నేను రైతు మిత్రుణ్ణి ఒక ప్రశ్న అడిగాను. “1502లో రెండోసారి వచ్చినప్పుడు గామా, మక్కా యాత్ర ముగించుకొని వస్తున్న వారితో నిండిన ఓడను మలబారు తీరాన తగలబెట్టించాడు. స్త్రీలు, పిల్లలు అందులో ఉన్నారు. ఆ సంగతి అబ్బాయి చెప్పాడా?” చెప్పలేదన్నారు. లిస్బన్ నదీతీరంలో 1960లో నిలిపిన రాతి స్మారకం నావికుల సాహసాన్ని చాటుతుంది. ఆ ఓడలోని వారి మాట ఎత్తదు. ఏ దేశపు గైడయినా తన ఇంటి ముందువాకిలి చూపినంత ఉత్సాహంగా పెరటివాకిలి చూపడు. మనవారు మాత్రం తక్కువా? కనుక యాత్రికుడు వినాలి, వింటూ అడగాలి, ఇంటికి వచ్చి పుస్తకం తిరగవేయాలి.

నా ప్రశ్న ఆయనలో మరో ఆలోచన రేపింది. “మనకూ సముద్రముందిగదండీ. ఆ పోర్చుగీసువాళ్ళ సంగతి మీకింత తెలుసు. ఒకరోజు బందరు పోదాం. మీరు చెప్పండి, నేను వింటాను” అన్నారు. మే నెలలో ఒక ఉదయం కారు మాట్లాడుకొని బయలుదేరాము. వెనుక సీటు కింద చిన్నరసాల గంప ఒకటి పెట్టించారు. ఎవరికని అడిగితే, “ఆ ఊళ్ళో చెప్పేవాళ్ళెవరైనా దొరికితే ఇద్దామండీ” అన్నారు.

నూజివీడు, హనుమాన్ జంక్షన్, గుడివాడ, పెడన, మచిలీపట్నం. ఒకనాడు అన్నీ ఒకే కృష్ణాజిల్లా. 2022లో విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాకు, నూజివీడు ఏలూరు జిల్లాకు పోయాయి. నూజివీడు దాటేవరకు నా ప్రతాపానికి లోటు లేదు. ఆయన ఏటా వినే ‘వేలం’ పాట, తోటలో పనిచేయించే ‘మేస్త్రీ’, భుజం మీది ‘తువ్వాలు’, బజారులోని ‘అనాస’, ఈ మాటలన్నింటికీ భాషావేత్తలు పోర్చుగీసు మూలాలు చూపారని చెప్పాను. మిరపకాయ అమెరికా ఖండం నుండి ఆ నావికుల ఓడలలోనే మనకు చేరిందన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడక, “అయితే వాళ్ళు మన మాట ఒకటి పట్టుకుపోయి ఇన్ని ఇచ్చిపోయారన్నమాట” అన్నారు.

పెడనలో కలంకారీ అద్దకం చూశాము. కరక్కాయ కషాయంలో తడిపి ఆరవేసిన గుడ్డ, చెక్కిన కొయ్య అచ్చులు, బెల్లపు నీటిలో ఇనుము నానవేసి తీసిన నల్లరంగు. పనివారు అడిగినవన్నీ ఓపికగా చెప్పారు. ఇటువంటి గుడ్డలనే పోర్చుగీసువారు ‘పింతాదో’ అనేవారు.

అసలు పరీక్ష మచిలీపట్నంలో ఎదురయింది. గోల్కొండ సుల్తానుల కాలంలో ప్రపంచమెరిగిన రేవు అది. డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, తరువాత ఫ్రెంచివారు అక్కడ వర్తకస్థానాలు నెలకొల్పారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుండి బందరుకోటను పట్టుకున్నాడు. ఇంతవరకు పుస్తకజ్ఞానం. కోటలో మిగిలిన శిథిలాల ముందు నిలబడి, “ఈ గోడ ఎవరు కట్టారండీ? ఈ గదిలో ఏం ఉంచేవారు?” అని ఆయన అడిగితే నా నోరు పెగలలేదు. ఐదువందల యేళ్ళ కిందటి హంపీ దంతపుగదిలో ఏ పువ్వులు చెక్కారో చెప్పగల నేను, మా జిల్లా రేవులో రాయి చూపించి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. డచ్చివారి శ్మశానవాటికలో రాతిపలకల మీద చెక్కిన అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. వాటిని చదివి చెప్పేవారు ఆ పూట మాకు దొరకలేదు. దారిన పోయే ఒక పెద్దమనిషి, కోటద్వారానికి చేప కళ్ళు పెట్టినందున ఊరికి మచిలీపట్నమని పేరు వచ్చిందన్నాడు. టాలెమీ గ్రంథంలోని ‘మైసోలియా’ మన తీరమేనని చరిత్రకారులు అంటుండగా ఈ కథను నమ్మడం కష్టం. అయినా ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఆయన ఏదో ఒకటి చెప్పాడు. నేను అదీ చెప్పలేదు.

లిస్బన్‌ను సముద్రం ముంచినది నవంబరు 1వ తేదీనే అని చెప్పాను కదా. మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచినది కూడా 1864లో నవంబరు 1వ తేదీనే. ముప్ఫైవేలమంది మరణించారని చెబుతారు. రేవు వైభవం మళ్ళీ మునుపటిలా కోలుకోలేదు. అక్కడి యువకుడు కప్పు లేని చర్చిని చూపి ఆ దినాన్ని విదేశీయునికి కూడా గుర్తుండేలా చెప్పాడు. మన పిల్లలలో ఎందరికి మన నవంబరు 1 తెలుసు? ఇందులో పిల్లల తప్పు లేదు. చెప్పవలసిన మావంటివారు చెప్పలేదు. చెప్పడం ఒక వృత్తి కాగలదని, దానికి డబ్బు ఇవ్వవచ్చునని మన సమాజం ఇంకా అనుకోవడం లేదు. పరదేశంలో గైడుకు రోజుకూలి చెల్లించి మెచ్చుకొనే మనం, స్వగ్రామంలో చరిత్ర చెప్పేవాణ్ణి పనిలేనివాడంటాం. ఇంటర్మీడియెట్ చదువుతున్న విద్యార్థికి ఊరి గుడి శాసనం చదవడం, చెరువు ఎవరు తవ్వించారో విచారించడం, వచ్చిన అతిథికి తప్పులేకుండా రెండు భాషలలో చెప్పడం నేర్పితే, అది చదువు కాదని ఎవరనగలరు? కొత్త ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి. ఆ తీరానికి రేపు కొత్తవారు వస్తారు. వారికి చేప కళ్ళ కథ చెప్పాలా, మైసోలియా కథ చెప్పాలా అన్నది మనం ఇప్పుడే తేల్చుకోవాలి.

సాయంత్రానికి మంగినపూడి తీరం చేరాము. కాబో ద రోకాలో నూటనలభై మీటర్ల ఎత్తున కొండకొమ్ము మీద నిలబడి సముద్రాన్ని కిందికి చూశానని, ఇక్కడ అది పాదాల దగ్గరికే వస్తోందని ఆయన అన్నారు. టీ దుకాణం ముందు కూర్చున్నాము. అరవై యేళ్ళుండే ఆ దుకాణపు ఆమె, మేము ఉప్పెన గురించి మాట్లాడుకోవడం విని, “ఏ ఉప్పెన అయ్యా, డెబ్భైయేడుదా?” అంది.

ఆమె పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీ సాయంత్రం తనకు పన్నెండేళ్ళట. గాలి ఏ దిక్కునుండి తిరిగిందో చేతితో చూపింది. నీళ్ళు మోకాలి దగ్గరికి వచ్చినప్పుడు తండ్రి ఏం చేశాడో, నడుముకు వచ్చినప్పుడు ఎవరు ఎవరి చెయ్యి విడిచారో, తాటిచెట్టు మట్టను పట్టుకొని తెల్లవార్లూ ఎలా వేలాడిందో చెప్పింది. మరునాడు గుర్తుపట్టలేని ఊళ్ళో తమ ఇంటి చోటును బావి గట్టు చూసి ఆనవాలు కట్టారట. రైతు మిత్రుడు మధ్యమధ్య అడిగారు, ఆమె ఆగి బదులు చెప్పింది. టీలు చల్లారిపోయాయి. చీకటి పడే వేళకు మా డ్రైవరు కూడా వచ్చి ఇసుకలో కూర్చున్నాడు.

లేచేటప్పుడు ఆమె మూడు టీలకు మాత్రమే డబ్బు తీసుకొంది. రైతు మిత్రుడు కారు దగ్గరికి వెళ్ళి, చిన్నరసాల గంప తెచ్చి ఆమె బల్లమీద పెట్టారు.