గోతాల తోటకు చోటివ్వండి

ఏలూరు, తాడేపల్లిగూడెం పురప్రజలకూ, కొల్లేటి లంకల వారికీ విజ్ఞప్తి



మీ వీధిలో ఇల్లు కట్టని స్థలం ఒకటి ఉండే ఉంటుంది. సర్కారు తుమ్మ, పాత గోడల రద్దు, వానాకాలం వస్తే మోకాల్లోతు నీళ్ళు, దోమలు. స్థలం గలాయన ఏ హైదరాబాదులోనో ఉండి ఏటా ఖాళీ స్థలం పన్ను కడుతుంటాడు. శుభ్రం చేసి నాలుగు కూరమొక్కలు వేసుకుంటామని మా వీధిలో ఒకాయన్ని అడిగాం. “ఇవాళ మొక్కలంటారు, రేపు పాకంటారు, పన్నెండేళ్ళకి కోర్టంటారు” అన్నాడు.

ఆయన భయం ఉత్తది కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం యజమాని మాట లేకుండా 12 ఏళ్ళు బాహాటంగా అనుభవంలో ఉన్నవాడు స్థలం నాదేనని వాదించగలడు. అనుమతి తీసుకుని, ఆ మాట కాగితం మీద రాసిచ్చినవాడికి మాత్రం ఆ హక్కు పుట్టదు. అందుకే మేమడిగేది నేలలో వేరు దిగని తోట. నెల ముందు చెబితే ఎత్తుకుపోయే తోట. తోటకూర విత్తిన పాతిక రోజులకే కోతకొస్తుంది కాబట్టి, ఆ నెల గడువులో చేతిలో ఉన్న పంట కూడా పోదు.

మా అరుగు పక్కన ఒక గోతం ఉంది. చేపల మేత వచ్చిన సంచి. అంచు బయటికి మూడు మడతలు మడిచి, అడుగున కొబ్బరి పీచు పరిచి, చెరువు మట్టి, మాగిన పెంట, కొబ్బరి పొట్టు కలిపి సగం దాకా నింపాం. అడుగున నాలుగు చిల్లులు. అందులో రెండు వంగ మొక్కలు, చుట్టూ గోంగూర. ఇద్దరు చెరో చెవి పట్టుకుంటే లేస్తుంది. ఎండకు ఏడాదికల్లా సంచి పిగిలిపోతుంది, ఇంకోదాంట్లోకి దింపుకోవాలి. కైకలూరు, ఆకివీడు చెరువు గట్ల మీద ఇలాంటివి కావలసినన్ని దొరుకుతాయి. మందులు వచ్చిన సంచులు మాత్రం ముట్టుకోవద్దు.

2020 డిసెంబరు ఏలూరు మరిచిపోలేదు. వన్‌టౌన్‌లో నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే మూర్ఛ వచ్చి పడిపోయారు. వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందుల మీదా అనుమానపడ్డారు. అప్పటి నుంచి ఆకుకూర కట్ట చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇది ఎక్కడిదని అడగని ఇల్లాలు లేదు. రద్దు పోసిన నేలలో ఏముందో ఎవరికీ తెలియదు. గోతంలోకి మట్టి మనం తెచ్చి పోస్తాం, పోసేముందు పరీక్ష చేయిస్తాం. గుర్రపు డెక్క ఎరువుగా బాగా పనికొస్తుందిగానీ, అది నీటిలోని లోహాలను పీల్చుకునే మొక్క. ఊరి మురుగు కాలవల్లోది కూరమొక్కలకు వద్దు.

ఇది మనమే మొదలుపెడుతున్నది కాదు. బెర్లిన్ నగరంలో పాడుపడి ఉన్న ఒక జాగాలో 2009లో ఇరుగుపొరుగు కలిసి బియ్యం సంచుల్లో, రొట్టెల ట్రేలలో తోట వేశారు. జాగా నగరానిది, వీళ్ళు అద్దెకు తీసుకున్నారు. పదేళ్ళకు ఆ తోట ఒక పాత శ్మశానవాటికకు తరలింది.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. విమానాశ్రయం వస్తుందన్న మాట ఎప్పటికప్పుడు వినబడుతూనే ఉంది. కాంక్రీటు మీద గడ్డపార దిగదు, గోతం నిలబడుతుంది. విమానం దిగే రోజున తీసేస్తాం. 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం వెంకటరామన్నగూడెంలోనే ఉంది, సలహాకు దూరం పోనక్కర్లేదు.

లంకల వారికి దీని అవసరం మరీ ఎక్కువ. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు ఎగదన్నితే పెరట్లో పాదులన్నీ కుళ్ళిపోతాయి. గోతాలైతే రోడ్డు మీదికి చేర్చుకోవచ్చు. బంగ్లాదేశ్‌లో గుర్రపు డెక్క తెప్పల మీదే కూరలు పండిస్తారు. కానీ మన సరస్సు 1999 నుంచి అభయారణ్యం, దాన్ని అలాగే ఉండనిద్దాం. మన తోట ఊళ్ళోనే.

నగరపాలక సంస్థనూ పురపాలక సంఘాన్నీ మేం కోరేది ఇది: యజమానికీ వీధివారికీ మధ్య ఒక్క పేజీ నమూనా ఒప్పందం కౌన్సిల్ తీర్మానంతో ఇవ్వండి. తోట ఉన్నన్నాళ్ళు ఆ స్థలానికి పన్నులో కొంత తగ్గించండి. తడిచెత్త ఎరువు మాకివ్వండి.

ఈ కాగితం అందినవారు ఇంట్లో తవుడు గోతం ఉంటే పారేయకండి. మీ వీధిలో స్థలం ఎవరిదో కనుక్కోండి, వారితో మాట్లాడటానికి మేమూ వస్తాం. తోటకూర విత్తనాలు మా దగ్గరున్నాయి.