మంద నిలిచే నేల

పాఠం అప్పజెప్పలేక తెల్లమొగం వేసిన విద్యార్థిని 'గొర్రె' అని మందలించడం బడులలో చిరకాలంగా వస్తున్న అలవాటు. ఆలోచన లేక ఒకరి వెనుక ఒకరు పోయే తీరుకు సంస్కృతంలో 'గడ్డలికాప్రవాహ'మనీ, తెలుగులో 'గొర్రెదాటు' అనీ పేర్లున్నవి. ఐతే గొర్రెను ఇంత తేలికగా తీసివేసేవారిలో ఒక్క దినమైనా మంద వెంట నడిచినవారెందరు? నేలను, నీటిని, గాలిని, కార్తెలను ఒక్కసారే చదువగలిగినవానికి గాని మంద దక్కదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో గొల్ల, కురుమ కుటుంబాలకు ఇది తరతరాల వృత్తి. గొర్రెను, మేకను కలిపి వారు 'జీవాలు' అంటారు. తెల్లవారగానే కాపరి దొడ్డి తలుపు తీయడు. గడ్డిమీది మంచు ఆరేదాకా ఆగుతాడు. తడిగడ్డి వెంట పురుగు కడుపులోకి పోతుందని అతని తాతలు చెప్పినారు. నేటి పశువైద్యులు చెప్పేదీ అదే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మందను నీళ్లకు తోలి, చెట్టునీడను నిలుపుతాడు. సాయంకాలం ఇంటికి మళ్లినప్పుడు తలలు లెక్కపెట్టే పని లేదు. ముఖాలు చూసి ఏది తప్పిపోయినదో చెప్పగలడు. గంపకింద మూసివుంచిన పిల్లలను విడిచి, ఏ పిల్లను ఏ తల్లి కిందికి చేర్చాలో తడబడకుండా చూసుకొనేది ఆ ఇంటి ఇల్లాలు.

కార్తె మారితే ఈ దినచర్యా మారుతుంది. మృగశిరలో తొలకరి పడి నేల పచ్చబడితే లోకమంతా సంతోషిస్తుంది. కాపరి మాత్రం భయపడతాడు. వేసవి అంతా మాడిన గొర్రె ఆ లేతగడ్డిని ఆబగా మేసిందంటే చిటుకరోగం తగిలి, సాయంత్రం బాగున్న జీవం తెల్లవారేసరికి చచ్చి పడివుంటుంది. అందుకే వానలకు ముందే టీకా వేయించాలి. వానకాలంలో చేలన్నీ పైరుమీద వుంటాయి కనుక మందకు గుట్టలూ బీళ్లే దిక్కు. తడిసిన నేలలో గిట్టలు చెడుతాయి. నత్తలున్న మడుగుల వద్ద మేస్తే జలగరోగం పట్టుకొంటుంది. గొంగడి కొప్పెర వేసుకొని నిలబడిన కాపరికి ఆ గొంగడే ఇల్లు. ఆ నల్లని ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. ఒంటిమీద ఉన్ని లేక, మాంసానికి పేరుపడిన నెల్లూరు జాతి పెరిగినకొద్దీ గొంగడి నేసే చేతులకు పని తగ్గింది.

చలికాలంలో కోతలయ్యాక మందకు మంచిరోజులు వచ్చేవి. కోసిన చేలలో జీవాలను మేపి, రాత్రి అక్కడే మంద పెట్టించుకొని, రైతు కాపరికి ధాన్యమో రూపాయలో ముట్టజెప్పేవాడు. పెంటికలు, మూత్రం పడిన ఆ నేల మరుసటి పంటకు సారవంతమయ్యేది. రైతుకు ఎరువు, కాపరికి గింజలు, గొర్రెకు మేత—ఒక్క రాత్రి మజిలీలో మూడు పనులు నెరవేరేవి. వేసవి వచ్చేసరికి రాలిన తుమ్మకాయలు, చెరువు శిఖాల పచ్చిక మందను కాపాడేవి.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైనది. ఎడమకాలువ పారిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల రూపు మారింది. మెట్టలు మాగాణులైనవి, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుగన్నది. ఆ నీరు వేలాది ఇళ్లలో అన్నం పెట్టిందనే మాట కాదనరానిది. కాని ఆ లెక్కలో మంద చేరలేదు. వానకాలపు వరి కోసీకోయగానే యాసంగి దుక్కి మొదలవుతున్నది. గట్ల మీద కలుపుమందు చల్లుతున్నారు. కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారు. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాతి నేలలు సిమెంటు కర్మాగారాలకు గనులైనవి. పచ్చని వరిసముద్రం నడుమ అక్కడొక గుట్ట, ఇక్కడొక బీడు దీవులవలె మిగిలినవి. కాపరి ఇప్పుడు ఒక దీవినుంచి మరొక దీవికి రహదారి అంచున, లారీల నడుమ మందను దాటిస్తున్నాడు.

2017 జూన్ 20న తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం ప్రారంభించింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. విలువ 1,25,000 రూపాయలు. అందులో నూటికి 75 వంతులు ప్రభుత్వానివి. 2019 పశుగణనలో 1.91 కోట్ల గొర్రెలతో రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఉద్దేశం మంచిదే. అయినా గొర్రెను లారీలో తేవచ్చును గాని బీడును తేలేరు. తలల సంఖ్య పెరిగి, మేసే నేల తరిగితే ఆ సంపద ఎన్ని వేసవులు నిలుస్తుంది?

మేతనేల కోసం తెలుగుగడ్డ మీద రక్తం చిందిన కథలు విద్యార్థులకు కొత్తవి కావు. కాటమరాజుకు, నెల్లూరి ప్రభువుకు పుల్లరి దగ్గర పుట్టిన తగవే ఖడ్గతిక్కన ప్రాణం తీసినదని కథాచక్రం చెపుతున్నది. కృష్ణకు ఆవలి ఒడ్డున పల్నాటిలో పుల్లరి కట్టమని ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922లో నేలకొరిగినాడు. దూరాన ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఫారో దీవులున్నవి. ఆ పేరుకు గొర్రెల దీవులని అర్థం చెపుతారు. అక్కడ ఎవరి మంద ఎక్కడ మేయాలో కట్టడిచేస్తూ 1298లోనే శాసనం వ్రాసినారు. నేల కొద్దిపాటిదైనచోట మేతకు వ్రాతపూర్వకమైన హద్దు అవసరమని ఆ దీవివాసులు ఏడువందల ఏళ్లనాడే గ్రహించినారు.

ఇక్కడా ఆ హద్దు కావాలి. రెవెన్యూ రికార్డులలో బంచరాయి అని వ్రాసివున్న మేతనేల ఎంత, నేడు మిగిలినదెంత అనే లెక్క ప్రతి గ్రామంలోనూ బహిరంగంగా తేలాలి. ఆక్రమణకు లోనైన ఉమ్మడి నేలలను గ్రామానికి తిరిగి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించివున్నది. ఆ తీర్పు కాగితం మీదనే వుండిపోరాదు. మంద నడిచే బాటలు, నీళ్లు త్రాగే రేవులు కూడ ఆ లెక్కలో చేరాలి.

ఈ పనిలో ఉపాధ్యాయులకు పాలున్నది. గ్రామంలోని వృద్ధ కాపరుల వద్దకు విద్యార్థులను తీసుకొనిపోయి, యాభై ఏళ్లనాడు మందలు ఎక్కడ మేసినవో, ఏ బాటన నడిచినవో పటం గీయిస్తే అది భూగోళమూ అవుతుంది, చరిత్రా అవుతుంది. గొర్రెల రోగాలకు, గడ్డి జాతులకు వారు వాడే పేర్లు వ్రాయిస్తే నిఘంటువుల కెక్కని తెలుగు కొంత దక్కుతుంది. మంద వెంట వలసపోయి బడికి దూరమైన బిడ్డకు, తన తండ్రి విద్య తరగతిలో పాఠమైనదని తెలిస్తే తిరిగి బడి మెట్లెక్కే ధైర్యమూ కలుగుతుంది.

రెండేళ్లకొకసారి మాఘమాసంలో సూర్యాపేట చెంత దురాజుపల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతర జరుగుతుంది. 'ఓ లింగా' అంటూ భేరీల నడుమ లక్షలాది జనం ఆ గుట్ట ఎక్కుతారు. దేవునికోసం ఆ గుట్టను కాపాడుకొంటున్న ప్రజలు, జీవాలకోసం ఊరికొక బీడును కాపాడుకోలేరా?