మడత మంచం ఉంది, చాప లేదు

మొన్న వేసవిలో నాన్న మా ఫ్లాటుకొచ్చారు. రాత్రి పదింటికి నేనూ మా ఆవిడా టీపాయ్ బాల్కనీలో పడేసి, షూ ర్యాకు జరిపి, సోఫా కమ్ బెడ్ తో కుస్తీ పడుతుంటే ఆయన కాసేపు చూసి, "ఒరేయ్, చాప లేదా ఇంట్లో?" అన్నారు.

లేదు. వారం ఉందామని వచ్చిన మనిషి "మీకిబ్బందిరా" అంటూ మూడోరోజే బస్సెక్కేశారు.

ఇల్లు ఇరుకంటే చాలు, స్థలం ఆదా చేసే ఫర్నిచర్ కొనమని సలహా. గోడకి మడిచే మంచం, బల్లగా మారే అల్మరా, కింద స్టోరేజీ ఉన్న హైడ్రాలిక్ మంచం. నేనూ ఆ గోతిలో పడ్డవాణ్ణే. అనుభవం మీద చెప్తున్నా, ఇది మెమరీ లీకున్న ప్రోగ్రాముకి ర్యామ్ పెంచడమే!

మడత సామాను రోజూ మడిస్తేనే జాగా మిగులుతుంది. మేం మొదటివారం మడిచాం. తర్వాత విప్పింది విప్పినట్టే ఉంది. ఇక మంచం కిందేముంది? పెళ్ళికొచ్చిన మూడు డిన్నర్ సెట్లు, నా ఇంజనీరింగ్ జిరాక్సులు. అది నిండాక రెండో బెడ్రూంలో 3 అడుగులకి 4 అడుగుల మూల అట్టపెట్టెల పాలయింది. చదరపు అడుగు 6,000 లెక్కన కొన్నాం. అంటే ఖాళీ అట్టపెట్టెలకి 72,000 రూపాయల స్థలం, అదీ ఈఎంఐ మీద :)

బిల్డరు తప్పు లేదా అంటే, ఉంది. 1,050 అని అమ్మితే టేపు పెట్టి కొలిచినప్పుడు 750 తేలింది. 2016 రెరా చట్టంలో కార్పెట్ ఏరియాకి స్పష్టమైన నిర్వచనముంది, బాల్కనీ అందులోకి రాదు. కొనేముందు చదవకపోవడం మాత్రం నా తప్పే.

మా ఊళ్ళో రెండు గదుల్లో ఐదుగురం పెరిగాం. తెల్లారితే నవారు మంచాలు గోడకి నిలబడేవి, చాపలు మూలకి చేరేవి. ఆ చాకిరీ అంతా అమ్మదేనని ఒప్పుకుంటాను. అందుకే పాతకాలం గొప్పదనను. కానీ ఆ ఇంట్లో ముందు మనుషులకి చోటు, తర్వాతే సామానుకి.

ఏదైనా కొనేముందు, విప్పితే ఎంతవుతుందో ఆ కొలతకి నేలమీద న్యూస్ పేపర్లు పరిచి చుట్టూ నడిచి చూడండి. ఏడాదిగా ముట్టనిది బయటికి పంపండి. మేం అట్టపెట్టెలు పాతసామాన్లవాడికిచ్చేసి, ఆ మూల ఖాళీ చేశాం. రెండు చాపలు, ఒక బొంత కొన్నాం.

నాన్నకి ఫోన్ చేసి చెప్పా. "చూద్దాంలేరా" అన్నారు.