ఈసినోఫీలియా అన్నారా? ఎందుకొచ్చిందో అడగండి

దగ్గు, ఆయాసం ఉంటే చాలు, "నాకు ఈసినోఫీలియా ఉందండీ" అనేవాళ్లు మన చింతపల్లి వైపు చాలామందే తగులుతారు. అదే జబ్బు పేరన్నట్టు చెబుతారు. నిజానికి లోపల ఏదో ఉందని రక్తం చూపించే గుర్తు మాత్రమే అది.

మీ మిరియం తీగ ఆకులు పసుపు తిరిగితే ఏం చేస్తారు? నీరు నిలిచిందా, వేరు కుళ్లిందా, వేళ్లకు నులిపురుగు పట్టిందా అని మొదలు తవ్వి చూస్తారు. చూడకుండా మందు కొడితే డబ్బు దండగ. మరి మన ఒంటి దగ్గరకొచ్చేసరికి ఆ తవ్వడం ఎందుకు మానేస్తున్నాం?

ఈసినోఫిల్స్ తెల్ల రక్తకణాల్లో ఒక రకం. మైక్రోలీటరు రక్తంలో 500 వరకు మామూలే. 1,500 దాటి అలాగే ఉంటే కారణం వెతికి తీరాలి. రిపోర్టులో శాతం ఒక్కటే చూసి ఊరుకోకుండా, మొత్తం సంఖ్య ఎంతో అడగండి. ఎలర్జీ, ఉబ్బసం, వాడుతున్న మందు పడకపోవడం, అరుదుగా రక్తానికి సంబంధించిన జబ్బు కూడా కారణం కావచ్చు. కానీ వట్టికాళ్లతో మట్టిలో దిగే మనం ముందు అనుమానించాల్సింది నులిపురుగుల్నే. కొంకిపురుగు పిల్ల అరికాలి చర్మంలోంచే లోపలికి దూరుతుంది. మలపరీక్ష ఒక్కసారి చేస్తే దొరక్కపోవచ్చు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయించడం మేలు.

ఇంకో సంగతి. 1940లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం డాక్టర్లు ఫ్రిమాట్ మోలర్, బార్టన్ ఒక వ్యాసం రాశారు. చూడటానికి క్షయలాగే ఉంది, రక్తంలో ఈసినోఫిల్స్ మాత్రం విపరీతంగా పెరిగాయి, అది క్షయ కాదు అని. బోదకాలు పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ఇలా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు వస్తాయని తర్వాత తేలింది. దీనికి క్షయ మందులు పనిచేయవు. డాక్టరు చూసి డిఇసి మాత్రలు రాస్తారు, సాధారణంగా మూడు వారాలు.

నాకు అన్నిటికన్నా భయమేసేది స్టెరాయిడ్లు. కారణం తెలుసుకోకుండా ఇస్తే కౌంటు దిగిపోతుంది, మనిషికీ హాయిగా ఉంటుంది. కానీ కడుపులో స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగుంటే, స్టెరాయిడ్ల అండతో ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో అది పోదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. అందుకే స్టెరాయిడ్ మొదలెట్టే ముందు "పురుగుల సంగతి చూశారా?" అని అడగండి. అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. ఉబ్బసానికి ఇప్పటికే వాడుతున్న మందును మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

2015 నుంచి నులిపురుగుల నివారణ దినం పేరిట 1 నుంచి 19 ఏళ్లలోపు వాళ్లకు మాత్రలు ఇస్తున్నారు. మంచి పనే. పొలంలో దిగే తల్లిదండ్రుల మాటేమిటి? మలపరీక్ష మన దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే చేయాలని గ్రామసభలో గట్టిగా అడగాలి. ఆసుపత్రికెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి. నాటుమందు వాడుంటే అదీ దాచకుండా చెప్పండి.