సీటు వచ్చింది సరే, గణితం సంగతి?

జూలై, ఆగస్టు నెలల్లో మన సంఘాల్లో ఆదివారం ఆరాధన ముగిశాక ఒక ప్రకటన తరచుగా వినబడుతుంది. ఫలానావారి అమ్మాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది, ఆ కుటుంబం కృతజ్ఞత కానుక చెల్లిస్తోంది అని. చప్పట్లు కొడతాం, ప్రార్థన చేస్తాం, వీలైనవాళ్లం ఫీజుకు తలా కొంత వేస్తాం. తల్లి పారిశుద్ధ్య పని చేసి, తండ్రి తాపీ పనికి వెళ్లి చదివించిన బిడ్డకు సీటు రావడం చిన్న విషయం కాదు కదా. ఆరు నెలలు గడిచి మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చినప్పుడు మాత్రం ఆ బిడ్డ గురించి ఏ ప్రకటనా ఉండదు. ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్ పోయింది, ఫిజిక్స్ పోయింది. తమిళనాడులో దీన్ని అరియర్ అంటారు, మిగతాచోట్ల బ్యాక్‌లాగ్. పేరేదైనా రెండో సెమిస్టరులో కొత్త పాఠాలతో పాటు పాతవీ మొయ్యాలి. నాలుగైదు పేపర్లు పేరుకుపోతే పిల్ల ఇంట్లో చెప్పడం మానేస్తుంది. ఒక రోజు కాలేజీకి వెళ్లడమూ మానేస్తుంది.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఫీజు సాయం ఎంత అవసరమో, కాలేజీలో చేరే ముందు కొన్ని వారాలూ చేరాక మొదటి ఏడాదీ పక్కన కూర్చుని గణితం, భౌతికశాస్త్రం నేర్పడం అంతే అవసరం. మొదటి పనికి మన సంఘాల్లో డబ్బూ మనసూ రెండూ ఉన్నాయి. రెండో పనికి ఇంకా ఎవరూ పూనుకోవడం లేదు.

తమిళనాడు సంగతే చూడండి. అక్కడ 2007 నుంచి ఇంజనీరింగుకు ప్రవేశ పరీక్ష లేదు. పన్నెండో తరగతి మార్కులతోనే ర్యాంకు. మొత్తం 200 లెక్కలో గణితానికి 100, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 50. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి 7.5 శాతం సీట్లు కేటాయిస్తూ 2021లో చట్టం వచ్చింది. వాళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు కూడా ప్రభుత్వమే భరిస్తుంది. కోచింగుకు లక్షలు పోయలేని ఇళ్లకు ఇది నిజమైన మేలు. యానాం పిల్లలూ సెంటాక్ ద్వారా మార్కులతోనే చేరతారు. ఈ విధానాలను మేము సమర్థిస్తాం. ప్రవేశ పరీక్ష పెడితే తెలివైనవాళ్లే వస్తారనే వాదనను మేము నమ్మం. కోచింగు కొనుక్కోగలిగినవాళ్లే వస్తారన్నది మనందరికీ తెలిసిన సంగతి.

అయితే పన్నెండో తరగతిలో 80 మార్కులు తెచ్చుకున్న పిల్లకు కాలేజీలో మొదటి నెలలోనే ఎందుకు ఊపిరాడదు? పాత సంగతి ఒకటి ఉంది. చాలా స్కూళ్లు పదకొండో తరగతి పాఠాలు పైపైన ముగించి రెండేళ్లూ పన్నెండో తరగతి పుస్తకాన్నే రుద్దేవి. తమిళనాడు ప్రభుత్వం 2017-18లో పదకొండో తరగతికీ పబ్లిక్ పరీక్ష పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. ప్రమేయాలు, అవధులు, త్రికోణమితి, సదిశలు, న్యూటన్ నియమాలు అన్నీ ఆ పదకొండులోనే ఉన్నాయి. దాన్ని దాటేసి వచ్చినవారు సూత్రం చెబుతారు, లెక్క చెయ్యలేరు. ఇంకో చిన్న సంగతి, చిన్నదే గాని చాలామందిని పడగొడుతుంది. స్కూల్లో అన్నీ ఎక్స్, వై. కాలేజీలో అదే సమీకరణం టీ, తీటా, ఒమేగా వేషంలో వస్తుంది. తనకు తెలిసిన లెక్కే అయినా పిల్ల గుర్తుపట్టదు.

పాలిటెక్నిక్ డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో నేరుగా రెండో ఏడాదికి వచ్చేవారి కష్టం ఇంకా ఎక్కువ. యంత్రాన్ని విప్పి బిగించడం వాళ్లకు బాగా తెలుసు. మొదటి ఏడాది గణితం మాత్రం చదవకుండానే లాప్లాస్, ఫోరియర్ వచ్చి మీద పడతాయి. కర్ణాటకలో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం వీరి కోసం అదనపు గణితం పేపర్లు పెట్టింది. మంచి పనే. కాకపోతే అదనపు పేపరు అంటే అదనపు పరీక్ష కూడా, నేర్పేవారు తోడు లేకపోతే అదీ ఒక బరువే.

ఐఐటీల్లో ఒక మంచి ఏర్పాటు ఉంది. కటాఫ్‌కు కొంచెం తక్కువలో ఆగిపోయిన ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సు. అందులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం, ఇంగ్లీషు నేర్పి, ఉత్తీర్ణులైతే మళ్లీ ప్రవేశ పరీక్ష లేకుండా బీటెక్‌లోకి తీసుకుంటారు. పునాదికి సమయం ఇవ్వాలని దేశంలోని అతి పెద్ద సంస్థలే ఒప్పుకున్నాయన్నమాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు గనుక మన పిల్లల్లో చాలామందికి ఆ ద్వారం కూడా మూసే ఉంది. ఆ పోరాటం వేరే ఉంది, సాగుతూనే ఉంటుంది. అది తేలేదాకా లెక్కల పాఠం ఆగనక్కరలేదు.

ఇక ఎలా నేర్పాలి? ఇక్కడే మాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

కోలారు బంగారు గనుల్లో పనిచేసిన తెలుగు కుటుంబాల మనవళ్లు, మనవరాళ్లు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నారు. గనులు 2001లో మూతపడ్డాయి గాని ఆ ఇళ్లల్లో షాఫ్టు కబుర్లు మిగిలాయి. మనుషుల్ని కిందికి దింపే కేజ్ ఒకటి వెయ్యి కిలోలు ఉందనుకుందాం. కదలకుండా వేలాడుతున్నప్పుడు తాడు మీద బలం 9,800 న్యూటన్లు. దిగడం మొదలుపెట్టి, సెకనుకు ఒక మీటరు చొప్పున దాని వేగం పెరుగుతున్నప్పుడు తాడు మీద పడేది 8,800. ఇంతవరకు పిల్లలు సరిగ్గానే చెబుతారు. ఇప్పుడు కేజ్ ఒకే వేగంతో దిగుతోంది, తాడు మీద ఎంత? దాదాపు అందరూ తక్కువేనంటారు, కిందికి పోతోంది కదా అని. కాదు, మళ్లీ 9,800. అడుగుకు చేరేముందు అదే లెక్కన వేగం తగ్గించుకుంటున్నప్పుడు 10,800. కేజ్ ఇంకా కిందికే పోతోంది, తాడు మీద మాత్రం బలం పెరిగింది! బలానికి లెక్క వేగంతో కాదు, వేగంలో మార్పుతో అన్న సంగతి అప్పుడు ఎక్కుతుంది. తాత ఆ కేజ్‌లో నిలబడి ఉంటే, ఆగేముందు కాళ్ల మీద భారం పెరగడం ఆయనకు తెలిసే ఉంటుంది. మనవరాలు దాన్ని కాగితం మీద గీసి, బాణాలు వేసి, సమీకరణం రాస్తుంది. ఈ ఒక్క లెక్క మీద గంటన్నర కూర్చున్నా సమయం వృథా కాదు. కోచింగు సెంటర్లలో నిమిషానికో లెక్క చేయించే పద్ధతి వీళ్లకు పనికిరాదు.

భాష సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో తమిళమో కన్నడమో మరాఠీయో ఒడియానో, కాలేజీలో ఇంగ్లీషు. త్వరణం అనే మాట మరాఠీ, ఒడియా పుస్తకాల్లో మనకు దగ్గరగా త్వరణ్, త్వరణ అనే ఉంటుంది. తమిళంలో అది ముడుక్కం, కన్నడంలో వేగోత్కర్ష. ఇన్ని పేర్ల మధ్య అసలు భావం జారిపోతుంది. దానికి ఇంటి మాట తోడు కావాలి. రోజుకు 500 చొప్పున ఆరు రోజులకు కూలి ఎంత? మూడు వేలు. ఆ ‘చొప్పున’ ఎప్పుడూ మారకపోతే గ్రాఫు మీద అది సరళరేఖ. ‘చొప్పున’ కూడా రోజురోజుకూ మారుతుంటే గీత వంగుతుంది, ఈ క్షణాన అది ఎంత అన్నదే డెరివేటివ్. మన అమ్మలు సంతలో రోజూ వాడే మాటలో కలనగణితపు మొదటి పాఠం ఉంది. తెలుగు లిపి రాని పిల్లలకు కూడా ఈ మాట వస్తుంది.

ఇంకొకటి. ఈ తరగతులకు ‘వెనకబడినవారి క్లాసు’ అని పేరు పెట్టవద్దు. అమెరికాలో బర్క్లీ విశ్వవిద్యాలయంలో 1970వ దశకంలో యూరి ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధక విద్యార్థి ఒక ప్రశ్న వేసుకున్నారు. నల్లజాతి విద్యార్థులు మొదటి ఏడాది కాల్క్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారు? శ్రద్ధ లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, పేదరికం అని అధ్యాపకులు రకరకాలుగా చెప్పారు. ఆయన విద్యార్థుల గదులకు వెళ్లి వాళ్లు చదివే తీరు చూస్తే ఆ కారణాలేవీ నిలవలేదు. వాళ్లు కష్టపడుతున్నారు, కాని ఒంటరిగా. చైనా మూలాల విద్యార్థులు మాత్రం సాయంత్రాలు కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన సులువు పాఠాలు పెట్టలేదు. కఠినమైన లెక్కలిచ్చి, గుంపులుగా కూర్చోబెట్టారు, దాన్ని ప్రతిభావంతుల కార్యక్రమంగా నడిపారు. ఫలితాలు స్పష్టంగా మెరుగయ్యాయి. మన పిల్ల హాస్టలు గదిలో తలుపేసుకుని, తనకొక్కదానికే రావడం లేదనుకుని ఏడుస్తున్నప్పుడు గుర్తు చేసుకోవలసిన కథ ఇది.

కలిసి కూర్చోవడం మన సంఘాలకు కొత్త కాదు. ఏప్రిల్, మే నెలల్లో వి.బి.ఎస్. పది రోజులు ఎంత పద్ధతిగా నడుపుతాం! అదే హాలు జూన్, జూలైల్లో సోమవారం నుంచి శనివారం దాకా ఖాళీ. తమిళనాడులో పన్నెండో తరగతి ఫలితాలు మే నెలలో వస్తాయి, కాలేజీ తెరిచేది ఆగస్టులోనో సెప్టెంబరులోనో. మధ్యలో ఆరు వారాలు, రోజుకు రెండు గంటలు చాలు. భిన్నాలు, సంకేతాలు, త్రికోణమితి, గ్రాఫులు, బలాల పటాలు, అంతే. సిలబస్ ముందుగా చెప్పేసే తొందర వద్దు. కాలేజీలు మొదలయ్యాక శనివారం సాయంత్రం ఒక బైఠక్ కొనసాగాలి, ఎందుకంటే అసలు దెబ్బ తగిలేది అక్టోబరులో, మొదటి ఇంటర్నల్ పరీక్షల దగ్గర.

నేర్పేవారు ఎక్కడ? బెంగళూరు, చెన్నై, పుణె కంపెనీల్లో పనిచేస్తున్న మన యువత ఉంది. వారాంతం రెండు గంటలు వారిని అడగడం అన్యాయమేమీ కాదు. రెండో ఏడాదిలో ఉన్న అన్న, అక్క ఇంకా మంచివారు, ఎక్కడ జారిపడ్డారో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది. వారికి ఊరికే చేయించుకోకండి, బస్సు ఛార్జీ, పుస్తకాల ఖర్చు సంఘం ఇవ్వాలి. ఈ పిల్లల్లో కొందరు సెలవుల్లో బట్టల దుకాణంలోనో కేటరింగులోనో పనికి వెళతారని మరచిపోవద్దు. సమయం వాళ్లను అడిగి పెట్టండి. అమ్మాయిలకు చీకటి పడేలోపు క్లాసు ముగియాలి, లేకపోతే రెండో వారానికి సగం మంది రారు. మతం, సంఘం చూడకుండా వీధిలోని పిల్లలందరినీ రానివ్వండి.